వదిలేసిన వాలుగ

నేను నేతపని ఇంట్లో పుట్టినవాణ్ణి. ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం పక్కన కూర్చుని, దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి దాని సన్నం ఎంతో చెప్పేవాణ్ణి. అందువల్లనేమో, డెబ్బైల చివర్లో చేపల శాఖలో ఉద్యోగం వచ్చినప్పుడు వల కన్ను ఎంతుందో కొలబద్ద పెట్టకుండానే చెప్పగలిగాను. చేపల సంగతే బొత్తిగా తెలియదు. జెల్లకూ వాలుగకూ తేడా నేర్పింది మాధవరం రేవులో బుట్టలాంటి గుండ్రటి పుట్టి నడిపే ఒక పెద్దమ్మ.

ఆమెకు అప్పటికే యాభై దాటి ఉంటాయి. భర్త కీళ్లనొప్పులతో మంచం పట్టాడు. తుంగభద్రలో వల వేయడం, తీయడం, చేపల గంప ఎమ్మిగనూరు సంతకు మోయడం అన్నీ ఆమే. వానాకాలం మొదట్లో ఏటికి కొత్తనీళ్లు వచ్చి చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వలైనా గాలమైనా వేయకూడదని మా శాఖ ఉత్తర్వు. అది చెప్పడానికి పోయినప్పుడల్లా ఆమె ఒకటే అడిగేది: అవతలి గట్టు కర్ణాటక కదా, ఆ పక్క చేపలకు మన ఉత్తర్వు ఎవరు చదివి వినిపిస్తారని. నవ్వుతూ అడిగేది. అడిగి, వల గోడ మీద ఆరేసి, చేలల్లో కలుపు తీసే కూలికి పోయేది. మొదటి ఏడాది మాత్రం వల తీయకపోతే ఆమె మీద కేసు రాశాను.

అదే రేవుకు ఆదోని నుంచి ఒక సాయిబు వచ్చేవాడు. గడియారాలు బాగుచేస్తాడు. ఆదివారం అంగడి మూసి మొదటి బస్సుకే దిగేవాడు. చేతిలో బొంబాయిలో కొన్న గాలపు కర్ర, దానికి దారం చుట్టుకునే చక్రం. చేప పడితే ముందు చేతులు తడుపుకునేవాడు. దాన్ని కర్ర మీది గీతల పక్కన పెట్టి పొడుగు చూసుకుని, తిరిగి నీళ్లలో వదిలేసేవాడు. ఎందుకు చాచా అని అడిగితే, వారమంతా కంటికి భూతద్దం పెట్టుకుని గింజంత చక్రాలతో వేగుతానని, ఒక్కరోజైనా అటునుంచి ఎదురు గుంజేదానితో పని కావాలని చెప్పాడు. ఆయన ఫ్లాస్కులో టీ నాకూ పోసేవాడు. అందరూ ఈయనలాగే ఉంటే మా శాఖే అక్కర్లేదు అనుకునేవాణ్ణి. నిషేధం రోజుల్లోనూ ఆయన గాలం వేస్తుంటే చూసి ఊరుకున్నాను. వదిలేసేదానికి కేసేమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఎనభైల మొదట్లో ఒక ఆదివారం పెద్దమ్మ రేవులోకి వచ్చింది. సాయిబు కాస్త ఎగువన గాలం వేస్తున్నాడు.

"మా వలలు ఒడ్డెక్కించినావు, బాగుంది. ఆయప్ప గాలం సంగతేంది సారూ?"

ఆయన వదిలేస్తాడు కదా పెద్దమ్మా అన్నాను.

"వదిలితే బతుకుతాదని నీకెవరు సెప్పినారు?"

నన్ను పుట్టిలో ఎక్కించుకుని దిగువకు తీసుకుపోయింది. జమ్ములో ఒక వాలుగ వెల్లకిలా తేలుతోంది. మూరన్నర పైన ఉంటుంది. ఆమె దాని నోరు విప్పి చూపించింది. గొంతులో లోతుగా దిగిన గాలం, జానెడు తెగిన దారం. పొట్ట చీరితే నిండా గుడ్లు.

దాన్ని తీసుకుని సాయిబు దగ్గరికి వెళ్లాం. ఆయన భూతద్దం ఏమీ తీయలేదు. దారం ముడిని బొటనవేలితో ఒకసారి తడిమాడు. "నాదే. పోయిన వారం మింగేసింది. గాలం రాకపోతే దారం కోసి వదిలినాను, బతుకుతాదనుకుని," అన్నాడు. గుడ్లవైపు చూశాడు. తర్వాత కర్రను నా ముందు పెట్టి, "కేసు రాయి బేటా," అన్నాడు.

పేరు రాయడానికి కలం మూత తీసి, మళ్లీ పెట్టి, ఇంకోసారి తీశాను. పెద్దమ్మ పక్కనే నిలబడి చూస్తోంది.

"నా మీద రాసినప్పుడు ఇంతసేపు పట్టలేదే సారూ," అంది.

ఆమె గొంతులో కోపం లేదు. రాశాను. సాక్షిగా ఆమె వేలిముద్ర వేసింది. ఆ కర్ర నిషేధం ముగిసేదాకా మా ఆఫీసులో జప్తు వలల పక్కన ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నేను ఎవరిని నమ్మి, ఎవరిని అనుమానించి తిరిగానో గుర్తొచ్చేది. ఉత్తర్వులో అక్షరం ఒకటే. ఎదుటి మనిషి బట్టలను, మాటతీరును బట్టి నేనే దాన్ని రెండు రకాలుగా చదివాను.

నిషేధం అయిపోయాక సాయిబు వచ్చాడు. గాలాలకు చేప జారిపోకుండా వెనక ఉండే ముల్లును తన ఆకురాయితో అరగదీసి నున్నగా చేసుకొచ్చాడు. ఇది సరిపోతుందా అని నన్ను కాదు, పెద్దమ్మను అడిగాడు. ఆమె గాలాన్ని తన అరచేతిలో గుచ్చి, లాగి చూసింది. తర్వాత గట్టు పక్క నీళ్లలో పాతవల ఒకటి దడిలా కట్టింది. ఆయన పట్టిన చేపలను అందులో వదిలి, ఆయన బస్సెక్కాక తను కనిపెట్టి ఉండేది. కొన్ని వారాలు ఇలా చూసి ఒక ఆదివారం ఆయనకు చెప్పింది: పెదవికి తగిలినవి బాగానే ఈదుతున్నాయి, ఎర మింగినవి రెండోరోజుకు పక్కకు ఒరుగుతున్నాయి. ఆనాటినుంచి ఆయన చేప మింగేదాకా ఆగడం మానేసి, దారం కదలగానే గుంజేవాడు. చాలా చేపలు తప్పించుకుపోయేవి. ఇవన్నీ రాసి పై ఆఫీసుకు పంపాను. జవాబు రాలేదు.

మరుసటి ఏడు కొత్తనీళ్లు వచ్చినప్పుడు ఆయన ఉత్త చేతులతో దిగాడు. చేపలు గుడ్లు పెట్టడం ఎప్పుడూ చూడలేదన్నాడు. నిజానికి ఈ ఉద్యోగంలో ఉండీ నేనూ చూడలేదు. పెద్దమ్మ ఇద్దరినీ పుట్టిలో తీసుకుపోయి, ఏరు పొంగి గడ్డిబీడు మునిగినచోట మోకాలి లోతులో దింపింది.

"ఈడనే నిలబడండి. కాలు కదపొద్దు," అంది.

మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత ఎర్రనీళ్లలో గడ్డి ఊగింది. రెండు వాలుగలు ఒకదానికొకటి చుట్టుకుని, తోకలతో నీళ్లు చిమ్ముతూ మా కాళ్లకు నాలుగడుగుల దూరంలో దొర్లాయి. వాటి పక్కన ఇంకో జంట. సాయిబు చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె తడుస్తున్నా పట్టించుకోకుండా నిలబడిపోయాడు. పొద్దు నడినెత్తికి వచ్చాక పెద్దమ్మ పుట్టిని మెల్లగా మా వైపు తోసింది.