ఎర్ర పెన్నుతో కొట్టేసిన లెక్క

మొన్న మంచు ఎక్కువగా పడి బడికి సెలవిచ్చిన రోజున, రెండో తరగతి చదివే మా మనవరాలు మా వంటింటి బల్ల దగ్గర హోంవర్క్ చేసుకుంటూ, యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయడానికి కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, ఇరవై ఏడు నుంచి ముప్ఫైకి మూడు, అక్కడి నుంచి యాభైకి ఇరవై, ఆపైన రెండు అని గంతులు వేయించి, ఇరవై అయిదని రాసేసింది. "అమ్మమ్మా, ఇలా జంప్ చేస్తే ఈజీ. మా టీచర్ చెప్పింది," అంది. బాగుందన్నాను. ఆ గంతులు నేను ముప్ఫై ఏళ్ళ కిందటే చూశాను, వాళ్ళమ్మ చేతిరాతలో.

మావారి కార్ల కంపెనీ ఉద్యోగం కోసం అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్ ఊరికి వచ్చిన కొత్తలో నా వీసా మీద పని చేసే వీల్లేదు. ఎమ్మెస్సీ లెక్కలు చదివి ఇంట్లో కూర్చున్న నాకు ఏడేళ్ళ కూతురే క్లాసురూము అయింది. నాలాంటి తల్లులు మీలోనూ ఉండే ఉంటారు. ఇక్కడి బడిలో లెక్కలు ఆటల్లా చెప్తారని నాకు చులకన. అందుకని రోజూ సాయంత్రం ఓవెన్ టైమరు పెట్టి ముప్ఫై లెక్కలు ఇచ్చేదాన్ని.

తను వేళ్ళు ముడిచేది, తనలో తను గొణుక్కునేది, తీసివేతల్ని చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి ఎక్కుతూ చేసేది. ఎవరూ నేర్పలేదు, తనకు తానే కనిపెట్టుకుంది. జవాబు సరిగ్గానే వచ్చేది. అయినా పక్క స్థానం నుంచి పది తెచ్చుకోలేదని నేను ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసేదాన్ని. జవాబు వచ్చింది కదమ్మా అని ఒకసారి అడిగితే, దొడ్డిదారిన వచ్చింది జవాబు కాదన్నాను.

కొన్నాళ్ళకి బట్టలారబెట్టే డ్రయర్ వెనక పడ్డ సాక్స్ తీయబోతే, మడతలు పెట్టి దాచిన లెక్కల కాగితాలు దొరికాయి. చెరిపి చెరిపి చిల్లులు పడి ఉన్నాయి. ఏ తల్లయినా ఆగి ఆలోచించాల్సిన చోట నేను ఆగలేదు. ఆ శనివారం మా ఇంట్లో నలుగురూ భోజనాలకి చేరినప్పుడు, ఎవరో అంకుల్ సరదాగా మా అమ్మాయిని ఒక లెక్క అడిగితే, అది నావైపు చూసింది. నేను నవ్వుతూ, "మా దానికి లెక్కలు రావులెండి," అన్నాను. అందరూ నవ్వారు. పేపరు ప్లేటు పట్టుకుని నిలబడ్డ పిల్ల, ఒక్క క్షణం ఆగి తనూ నవ్వింది.

ఆ తరవాత ఏడవలేదు, కాగితాలు దాచలేదు. నా మాట నమ్మేసింది. జంతువుల డాక్టరు కావాలని చిన్నప్పటినుంచీ అనేది. హైస్కూల్లో ఆ చదువుకి కాలిక్యులస్ లెక్కలు కావాలని తెలిసి, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు మంచి ఉద్యోగమే, సంతోషంగానే ఉంది. కాని ఏ వంటకమైనా సగం కొలతలతో చేయాలంటే ఈనాటికీ మా అల్లుణ్ణి పిలుస్తుంది.

మొన్న ఆ మంచు రోజు సాయంత్రం మా అమ్మాయి పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, మనవరాలి కాగితం చూపించి అంతా చెప్పాను. క్షమించమని అడగడం కూతుళ్ళ దగ్గరే ఎక్కువ కష్టమేమో. అది పిల్ల కోటు జిప్ పెడుతూ విని, కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నేను ఇలా చేసేదాన్నా? నాకస్సలు గుర్తులేదమ్మా. నాకు లెక్కలు రావన్నదొక్కటే గుర్తుంది," అంది. తరవాత నా మొహం చూసి, "ఇట్స్ ఓకే, అమ్మా," అని భుజం నిమిరింది.

ఇప్పటి బళ్ళలో తప్పు చేసిన పిల్లని కూడా ఎలా చేశావో చెప్పమని అడిగి, చెప్పేదాకా ఆగుతారట. నేనూ మనవరాలి పక్కన కూర్చుని ఎంతసేపైనా వింటున్నాను. నా ఓపిక చూసి మా అమ్మాయి ముచ్చటపడుతుంది. అది అలా ముచ్చటపడుతుంటే నాకు తలెత్తబుద్ధి కాదు.