నీళ్ల చప్పుడు తీసేసిన రాత్రి

నవ్వుకుంటే నవ్వుకోండి. ఒట్టు వేయమంటే ఆ స్టీలు గ్లాసు మీదే వేస్తాను. ఇది నాకే జరిగింది... పటేల్‌గూడలో, మేడ మీద మేం అద్దెకుండే రెండు గదుల ఇంట్లో.

ఇంట్లో కూర్చుని పాత పాటల టేపులను కంప్యూటర్‌లో శుభ్రం చేయడం నా ఉద్యోగం. దగ్గులు, కుర్చీ కిర్రుమనడాలు, గాలి హోరు... అన్నీ తీసేసి పాట మాత్రం మిగల్చాలి. మా ఆయన కర్మకాండలు అయ్యీ అవగానే మళ్లీ పనిలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆకలీ లేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, నేను మొత్తంగా అలా అయిపోయాను.

ఆసుపత్రిలో ఆయన చివరగా అడిగింది నీళ్లు. ఆపరేషన్ ఉంది, చుక్క కూడా ఇవ్వొద్దన్నారు డాక్టర్లు. "కొంచెం నోరు తడపవే" అన్నారాయన. నేను తడపలేదు. తర్వాత లోపలికి తీసుకెళ్లారు... అంతే. అందుకే రోజూ రాత్రి వెనక గదిలో ఆయన ఫొటో ముందు స్టీలు గ్లాసు నిండా నీళ్లు పెడతాను. పొద్దున్నే తీసి కుండీలో పోస్తాను.

ఆ వారం నాకు వచ్చినవి అలాస్కాలోని యూపిక్ అనే తెగవాళ్ల పాటలు. మంచు సముద్రం ఒడ్డున సీల్ జంతువుల వేట, చేపలు పట్టి ఎండబెట్టుకోవడం... అదీ వాళ్ల బతుకు. మా టీమ్‌లో పనిచేసే శ్రీలత ఫోన్ చేసింది.

"అక్కా, వేటాడిన సీల్ నోట్ల కూడా మంచినీళ్లు పోస్తరంట. ఉప్పునీళ్లల్ల తిరిగి దూప మీద ఉంటది గదా అని. ఇప్పుడు నీకు పంపింది సచ్చిపోయినోళ్లను పిలిచే పాట. వాళ్ల పేరు పెట్టుకున్నోళ్లకు నీళ్లు తాపితే, పోయినోళ్లకు ముడతయంట."

"సరే" అన్నాను. మా ఇంట్లో ఆయన పేరున్నవాళ్లు ఎవరూ లేరు.

రాత్రి వంట మానేసి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. సన్నటి పుల్లతో డప్పు కొడుతున్నారు... టక్... టక్... ఎవరో ముసలామె గొంతు. పాట అయిపోయాక నీళ్లు ముంచిన చప్పుడు. ఎవరో గుటక వేశారు. చేతి అలవాటు కదా, అదీ చెత్తేననుకుని కత్తిరించేశాను.

సరిచూసుకుందామని మళ్లీ మొదటినుంచి విన్నాను. పాట ఆగింది. ఏ చప్పుడూ లేదు...

అప్పుడు వినిపించింది. గుటక.

తీసేశాను కదా? తెర వైపు చూశాను. అక్కడ శబ్దం గీత చదునుగా ఉంది. మెల్లగా హెడ్‌ఫోన్లు తీశాను.

ఇంకో గుటక... నా వెనక గదిలో.

నేను కదల్లేదు. భయం కూడా వెంటనే రాలేదు, అదే వింత. ఇంకొకటి... ఇంకొకటి... బాగా దాహం వేసిన మనిషి ఆగి ఆగి తాగుతున్నట్టు. తర్వాత స్టీలు గ్లాసు బల్లకు తగిలిన చప్పుడు.

ఎప్పటికో లేచి వెళ్లాను. ఫొటో ముందు గ్లాసు బోర్లించి ఉంది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పడ్డ అలవాటు ఆయనది. తాగగానే బోర్లించేవారు. "ఇది ఇల్లండీ బాబూ, క్యాంటీన్ కాదు" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

తలుపు గడియ వేసినట్టే ఉంది. మెట్ల మీదికొచ్చి కింద ఉండే ఇంటి ఓనరమ్మ యాదమ్మను పిలిచాను.

"పెద్దమ్మా, ఇందాక పైకొచ్చావా?"

"నేనెందుకొస్త బిడ్డా? మోకాళ్లు గుంజుతున్నయ్. గింతసేపు గా రూముల నడ్సింది నువ్వే గదా?"

నేను కుర్చీలోంచి లేవనే లేదు. అలా అనబోయి ఆగాను... నా చీర కొంగు తడిగా తగిలింది. గడ్డం కింద కూడా తడి.

నేనే వెళ్లి తాగానా? ఆ మొద్దుబారిన ఒళ్లు ఏం చేసిందో నాకే తెలియలేదా? మరి వెనక గదిలో నేను విన్న గుటకలు ఎవరివి?

ఆ రాత్రే పాట చివర నీళ్ల చప్పుడు తిరిగి పెట్టేసి పంపించాను. గ్లాసు ఇప్పటికీ రోజూ పెడుతున్నాను. పొద్దున చూస్తే పెట్టిన నీళ్లు పెట్టినట్టే ఉంటాయి. ఆయన దాహం తీరిందో... మళ్లీ రావడానికి దారి దొరకలేదో. నిండు గ్లాసును చూస్తేనే నాకిప్పుడు భయం.