కాయ కాసిన వేలు

ల్యాబులో రక్తం తీసే ఆవిడ కళ్లను నమ్మదు. ఎడమ చూపుడువేలితో మోచేతి మడతలో నొక్కి చూసి, నరం తగిలాకే సూది గుచ్చుతుంది. అలాంటి మనిషికి నలభై దాటాక గిటార్ మీద మనసు పోయింది. రోజూ సాయంత్రం మంచం అంచున కూర్చుని, నాలుక బయటపెట్టి, ఎడమచేతి వేళ్లతో తీగలు నొక్కుతుంది. అవి మోగవు, బుస్సుమంటాయి. "వదినా, గదిలో పామేమైనా దూరిందా?" అంటుంది ఆడపడుచు. నేర్పే మాస్టారేమో, "వేళ్లు కాయలు కాయాలమ్మా, అప్పుడే పలుకుతుంది" అన్నాడు. ఆ మాటతో ఆవిడకు బెంగ పట్టుకుంది. బస్సులో ఉన్నా, పొయ్యి దగ్గరున్నా బొటనవేలితో మిగతా వేలికొసలు తడుముకుంటూనే ఉంటుంది. అయినా సాధన మానలేదు.

ఈ ఉదయం ఒక పెద్దాయన చెయ్యి చాపాడు. ఆవిడ నొక్కింది. ఏమీ తగల్లేదు. కాస్త పక్కకు జరిపి నొక్కింది. నుదుట చెమట పట్టింది. "ఏమ్మా, నాలో రక్తమే లేదా?" అని నవ్వాడాయన. "ఉందండీ, దాక్కుంది" అంటూ కుడిచేతి వేలు పెట్టింది. నరం ఇట్టే తగిలింది.

సాయంత్రం గిటార్ ముట్టుకోకూడదనుకుంటూనే ఒళ్లోకి తీసుకుంది. నొక్కి, ఒక్కసారి మీటింది. గదంతా ఖంగుమంది. "వదినా, నువ్వేనా!" అంటూ ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. ఆవిడ తీగ మీది చూపుడువేలు తీసి మెల్లగా చెంపకు ఆనించుకుంది. చెంపకు వేలు గరుగ్గా తగిలింది. వేలికి చెంప తెలియనేలేదు.