మక్కచేనులో టెనర్

చెడ్డగా పాడి కచేరీ పాడుచేసుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. బాగా పాడి పంట పాడుచేసినవాణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి. ఈ రంగంలో నాకు పోటీ లేదు.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. అది ఉద్యోగమేనని మా బచ్చన్నపేటలో సగం మందికి ఇప్పటికీ నమ్మకం లేదు. నేను ఒపెరాలో టెనర్ని. ఒపెరా అంటే పడమటి దేశాల పద్యనాటకం అనుకోండి. అందులో మంచినీళ్లు అడగాలన్నా పాడే అడగాలి. టెనర్ అంటే పై స్థాయిలో పాడే మగగొంతు. ప్రేమించేదీ వాడే, చివరి అంకంలో చచ్చేదీ వాడే. కత్తి దిగాక కూడా తీరిగ్గా ఒక పాట పాడి, చప్పట్లు విని, అప్పుడు చస్తాడు. ముంబైలో ఒక బృందంలో చేరిన కొత్తలో నాకింకా చచ్చే యోగ్యత రాలేదు. వెనక వరసలో ఈటె పట్టుకుని నిలబడి, పదిమందితో కలిసి "అవునవును" అని పాడేవాణ్ణి.

యోగ్యత రాకపోవడానికి కారణం ఒకే ఒక్క స్వరం. అన్నిటికన్నా పై మెట్టు. అక్కడికి ఎక్కేసరికి నా గొంతు ఎండు వెదురులా నిలువునా చీలేది. మా గురువుగారు మర్యాదస్తురాలు. ఒక్క మాట అనకుండా లేచి వెళ్లి కిటికీ మూసేవారు. ఆ రోజుల్లోనే ఒక పాట ఫోన్లో రికార్డు చేసి మా సరోజన అక్కకు పంపాను. "మంచిగుంది తమ్మీ" అని జవాబిచ్చింది. అక్క వ్యవసాయం చేస్తుంది, అబద్ధం ఆడదు. కాబట్టి నమ్మాను.

కిటికీ మూయించుకుంటూ, మూయించుకుంటూ కొన్నేళ్లకు గొంతును దారికి తెచ్చుకున్నాను. చీలిక పోయింది. ఒక నాటకంలో చచ్చే వేషం ఇస్తామన్నారు. బతుక్కి ఇంకేం కావాలి? రిహార్సళ్లు మొదలయ్యేలోపు అక్కను చూసి వద్దామని ఊరికి వచ్చాను.

ఆటో దిగి చేను వైపు నడుస్తుంటే ఎవరో ఘోరంగా పాడుతున్నారు. జాలిపడ్డాను. నాలుగడుగులు వేశాక తెలిసింది, పాడుతున్నది నేనే.

చేను మధ్యలో కర్రకు కట్టిన చిన్న మైకులోంచి వస్తోంది ఆ పాట. ఆ యేడు వానలకు అక్కావాళ్ల పత్తి పోయింది. మిగిలింది ఈ మక్కచేను, అంటే మొక్కజొన్న, ఒక్కటే. కంకులు పాలు పోసుకున్నాయి, గుట్ట మీది కోతులకు ఆ కబురు అందింది. మా దగ్గర రైతులు ఇలాంటి మైకుల్లో అరుపులు నింపి చేనులో వదిలేస్తారు. అవి పొద్దంతా అరుస్తూనే ఉంటాయి. మొదట మా లింగయ్య బావ తన అరుపే నింపాడట. కోతులు దానికి వారంలోపే అలవాటుపడి, బావను ఇంట్లో మనిషిలా చూడటం మొదలుపెట్టాయట. చివరికి అక్క నేనప్పుడు పంపిన పాట నింపి చూసింది. పై స్వరం దగ్గర గొంతు చీలగానే మందకు మంద గుట్టెక్కింది. అది చూసి పక్కచేను కొమురయ్య మామ కూడా తన మైకులో నన్నే నింపుకున్నాడు.

నాకు బాధ కలిగింది. కోతులకు వినిపించినందుకు కాదు సుమండీ. శ్రోతలను ఎంచుకునే హక్కు కళాకారుడికి లేదు. చీలిన పాట వినిపించినందుకు.

"అక్కా, గది పాట కాదు. గొంతుకైన యాక్సిడెంట్. తీసెయ్, కొత్తది పాడిస్త," అన్నాను.

"పనిచేసేదాన్ని ఎందుకు కదిలిస్తవ్ తమ్మీ? కోతులు ఉరుకుతున్నయ్ గద."

"వినేటోళ్లు ఏమనుకుంటరు? నాకు గింతే వచ్చనుకోరా?"

"ఈడ వినేటోళ్లు ఎవరున్నరు? నేను, మీ బావ, కోతులు."

"కోతులు మాత్రం ఏమనుకుంటయ్?"

పట్నంలో ఉండేవాడు, ఏదో తెలిసే అంటున్నాడనుకుంది అక్క, పాపం. ఊరుకుంది.

నేను ఊరుకోలేదు. వేడినీళ్ల ఆవిరి పట్టాను. ప్రియురాలి కిటికీ కింద నిలబడి వేడుకునే పాట ఒకటి ఎత్తుకుని, రొట్టెకు వెన్న రాసినట్టు పాడాను. పై స్వరం గుమ్మడిపువ్వులా విచ్చుకుంది. రెండు మైకుల్లోనూ దాన్నే నింపాను. నా చరిత్రలో మచ్చ మిగలకూడదని పాత పాటను అక్క ఫోన్లోంచి, నా ఫోన్లోంచి నా చేత్తోనే చెరిపేశాను.

తెల్లారి బావ చేను నుంచి ఇంటికి వచ్చాడు. ఆయన నెమ్మది మనిషి.

"ఏం పాడినవ్ బామ్మర్దీ?"

"ఏమైంది బావా, కోతులు వచ్చినయా?"

"వచ్చినయ్. పోతలేవు."

వెళ్లి చూశాం. గట్టు పొడవునా బారులు తీరి కూర్చున్నాయి, చేతికొక కంకితో. ఒక తల్లికోతి పిల్లను ఒళ్లో వేసుకుని, కళ్లు అరమూసి, నా పాటకు తగ్గ లయలో గింజలు నములుతోంది. ముంబైలో నెమ్మదైన ఘట్టం రాగానే జనం దగ్గుతారు. ఇక్కడ ఒక్కటి దగ్గితే ఒట్టు. శిశువులు, పశువులు, పాములు కూడా పాటకు పరవశిస్తాయన్నారు పెద్దలు. కోతుల పేరు ఎందుకు చెప్పలేదో అప్పుడు తెలిసింది. అవి పరవశించి ఊరుకోవు, పరవశించి తింటాయి.

నిజం చెప్పొద్దూ, ముందు నా ఛాతీ పొంగింది. తర్వాత చేను కనిపించింది. ఒక పక్కంతా దంట్లు విరిగి పడి ఉన్నాయి.

బావ రాళ్లు విసిరాడు. ఇటు లేచి అటు కూర్చున్నాయి. పాత గొంతే పెట్టమన్నాడు. చెరిపేశానన్నాను. అయితే మళ్లీ అట్లనే పాడమన్నాడు.

"ఇప్పుడు రాదు బావా. ఎన్నో ఏండ్లు కష్టపడి పోగొట్టుకున్న."

కొమురయ్య మామ తన చేను గట్టు మీంచి నన్ను ఎగాదిగా చూశాడు. "పోగొట్టుకునేతందుకు గింత కష్టపడ్డవా కొడుకా?"

మైకు ముందు నిలబడి కావాలని గొంతు చీల్చబోయాను. దొంగ చీలిక వచ్చింది. ఒక ముసలి కోతి తలెత్తి నన్ను చూసి, చేతిలో కంకి తిరగేసుకుని మళ్లీ తినసాగింది. పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్లు అచ్చం అలాగే చూస్తారు. తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. ఇక్కడ తాను బాగుపడ్డ గాయకుడు వనమెల్లా చెరిచాడు.

అక్క నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వంగి, సగం కొరికిన కంకులు ఏరి కొంగులో వేసుకుంటోంది. నన్ను చూసి, "బర్రెకన్న అయితయ్ తియ్ తమ్మీ," అంది. నన్ను ఓదారుస్తోంది.

నా గొంతుకు ఏదో అడ్డం పడింది. ఆ అడ్డంతోనే పాట ఎత్తుకున్నాను. ఏ మెట్టు ఎక్కుతున్నానో చూసుకోలేదు. పైకి చేరేసరికి గొంతు చీలింది. పాతది దీని ముందు జోలపాట. తాడిచెట్టు మీద పిడుగు పడ్డట్టు చీలింది. కంకులు ఎక్కడివక్కడ పడ్డాయి. పిల్లలను కడుపుకు హత్తుకుని తల్లులు, వాటి వెనక ముసలి సమీక్షకుడు, మంద మొత్తం గుట్ట దారి పట్టింది. కొమురయ్య మామ ఎప్పుడు గట్టు దిగి వచ్చాడో, మైకులో పాట నింపే మీట నొక్కి పట్టుకునే ఉన్నాడు. ఒక్క చీలిక కూడా పొల్లుపోలేదు.

"గిదీ పాటంటే," అన్నాడు బావ.

మిగిలిన పంటంతా క్షేమంగా ఇల్లు చేరింది. నేను ముంబై వెళ్లి, గొంతు చీలకుండా, శాస్త్రోక్తంగా చచ్చాను. నా చావు గురించి ఒక పత్రికలో అర వాక్యం రాశారు. ఈలోగా ఆ చీలిన పాట ఫోన్లెక్కి జనగామ దాటింది, మహబూబాబాద్ చేలు తిరిగింది, భూపాలపల్లి అడవి అంచుకు చేరింది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మూడు జిల్లాల్లో ఆగకుండా పాడే టెనర్ లోకంలో ఇంకొకడు ఉంటే చూపించండి.

మొన్న కాటారం నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "అన్నా, నీ పాటకు కోతులు మస్తు ఉరుకుతున్నయ్. గని మా దిక్కు అడివి పందులు గూడ ఉన్నయ్. అవి నీ సన్న గొంతుకు బెదురుతలేవు. జర లావు గొంతుతోని పాడరాదు?"

వృత్తి గౌరవం అన్నది ఒకటుంటుంది కదా. టెనర్ పందులకు పాడడనీ, అది కింది స్థాయి గొంతువాళ్ల పననీ వివరించి, మా బృందంలో దయ్యం వేషాలు వేసే మిత్రుడి నంబరు ఇచ్చాను.

కాబట్టి, గుట్టెక్కిన కోతుల సాక్షిగా, విరిగిన మక్కదంట్ల సాక్షిగా ఇదే నా ప్రమాణం: నా పాట ఎంత ఘోరంగా ఉన్నా సరే, కంకులు ఇల్లు చేరేదాకా దాన్ని బాగుచేయను.