మస్తాన్‌బీ విన్న సాక్ష్యం

నల్లపాడు పక్కన మా పాలెంలో జెకర్యా గొంతంటే గొంతే. మిరప కల్లంలో అతను పాట ఎత్తుకుంటే తొడిమలు తీసే ఆడవాళ్లు చేతులాపి వినేవాళ్లు. మేస్త్రికి మాత్రం ఒళ్లు మండేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు కాయల ఘాటు తగులుతుంది. అతనూ, సాయిబుల వీధి బుడానూ ఒకే కంచంలో తిని పెరిగారు, కలిసే మిలిటరీలో చేరారు. అరవై రెండులో చైనా యుద్ధం వచ్చింది. బుడాన్ పోయాడని తంతి వచ్చింది. జెకర్యా శత్రువుల చేతికి చిక్కి, మరుసటి ఎండాకాలం ఎముకల గూడై ఇల్లు చేరాడు.

చేరాడే గానీ అన్నం సయించేది కాదు. బుడాన్ తల్లి మస్తాన్‌బీ కొడుకు ఎలా పోయాడో తెలుసుకోవాలని కబురు మీద కబురు పంపేది. "ఏం మొహం పెట్టుకుని పోను?" అంటూ ఇతను ఆ వీధే మానేశాడు.

మా ఏసుప్రభు గుడివాళ్లకు ఇదేం పట్టలేదు. మా ప్రార్థనల వల్లే బతికాడని మురిసిపోయి, వంటలు వండి కృతజ్ఞత కూడిక పెట్టాం. దేవుడు తనకు చేసిన మేలు గురించి జెకర్యాను సాక్ష్యం చెప్పమన్నాం. చెప్పేవాడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా "స్తోత్రం!" అని కేక వెయ్యడం మాకు అలవాటు. ఏం చెప్పాడో వినక్కర్లేదు.

"మంచులో దారి తప్పాం."

"స్తోత్రం!"

"నా పక్కనే బుడాన్ పడిపోయాడు."

"స్తోత్రం!" అని గుడంతా మోగింది.

అప్పుడు చూశాం, తలుపు దగ్గర మస్తాన్‌బీ నిలబడి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాం.

జెకర్యా వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "దేవుడు నన్ను కాపాడాడంటున్నారమ్మా. వాడూ నా పక్కనే దువా చేశాడు. వాణ్ణెందుకు కాపాడలేదో నాకు తెలీదు."

మా పాస్టరు అయ్యగారు ఏదో వాక్యం ఎత్తబోయి ఊరుకున్నారు. అంత మంచి ప్రసంగం ఆయన మళ్లీ చెయ్యలేదు. తర్వాత్తర్వాత మా గుడిలో గండం గడిచినవాడెవడైనా సాక్ష్యానికి లేస్తే ముందు గడవనివాళ్ల పేర్లు చెప్పి, కాసేపు మౌనంగా నిలబడేవాడు. దేవుడు మా సొంతమన్న ధీమా తగ్గింది, భక్తి పెరిగింది.

కానీ నా కళ్లకు కట్టేది ఆ మధ్యాహ్నమే. మస్తాన్‌బీ ఒక్కటే అడిగింది. "ఆఖర్న కడుపుకేమన్నా తిన్నాడా నాయనా?"

"లేదమ్మా. ఉన్న ఒక్క రొట్టె నాకే పెట్టాడు. తను తిన్నానని అబద్ధమాడాడు."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అతన్ని విస్తరి ముందు కూర్చోబెట్టి, అన్నం కలిపి, ముద్ద నోటి దగ్గర పెట్టింది.

"నా బిడ్డ తన నోటి దగ్గరది తీసి నిలబెట్టిన ప్రాణంరా ఇది. దీన్ని ఎండగడతావా? తిను."