ఖాళీగా ఉంచిన మూడు జాగాలు

నా చిన్నప్పుడు, వానాకాలం సాయంత్రాల్లో పాత కోటగోడకున్న జట్‌పురా దర్వాజ బయటి మైదానంలో ఉండేవి ఇవి, ఉండేవాళ్లు వీళ్లు: వెదురు గోలుస్తంభాలు రెండు జతలు, కుట్లు ఊడిన తోలుబంతి ఒకటి, మంచినీళ్ల కుండ, మా ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టువాళ్లు ఎనిమిది మంది, మా గల్లీ పిల్లలం ఇరవై మందిమి, నోట్లో ఈలతో మా పెద్దనాన్న.

జట్టంటే పదకొండు మంది. మిగిలిన ముగ్గురిదీ వర్ధా నది అవతలి ఒడ్డు. గోల్‌కీపరు, ఎడమ బ్యాకు, నడిమి ఫార్వర్డు. నది పొంగితే పడవ నడవదు, వాళ్లు రాలేరు. ఇంకెవరైనా అయితే బయట కూర్చున్న అదనపు ఆటగాళ్లను వాళ్ల స్థానాల్లో దింపి సాధన చేయించేవారు. మా పెద్దనాన్న మాత్రం రానివాడి జాగాను ఖాళీగానే ఉంచేవాడు. దాన్ని కాయడం మిగిలినవాళ్లు నేర్చుకోవాలి, అది ఆయన పద్ధతి. ఆ ఎనిమిది మంది మీదికి గల్లీ పిల్లలందరినీ వదిలేవాడు. "చీమలదండు లెక్క మీద పడుండ్రిరా!" అనేవాడు. నల్లరేగడి బురద మోకాళ్లదాకా అంటుకునేది. మేము వాళ్ల చొక్కాలు లాగేవాళ్లం, కాళ్లకు అడ్డం పడేవాళ్లం. అదనపు ఆటగాళ్లు ముగ్గురూ మా పక్షాన ఆడేవాళ్లు. వాళ్లలో ఒకడు మా అన్న, అంటే పెద్దనాన్న సొంత కొడుకు. రెండేళ్లుగా జట్టులో చోటు కోసం కాచుకుని ఉన్నాడు.

మా తాతయ్య కరీంనగర్ వైపు నుంచి ఈ మరాఠీ ఊళ్లో బొగ్గుగనుల పనికి వచ్చినవాడు. పెద్దనాన్న కూడా గనిలో దిగాడు, గని జట్టులో ఆడాడు. ఆ ఆట చూసి కాలేజీవాళ్లు డ్రిల్లు మాస్టరుగా పెట్టుకున్నారు. పర్మనెంటు చేయలేదు. ఏటా కమిటీ కూర్చుని ఆయనను ఉంచాలా తీసేయాలా అని తేల్చేది.

రాష్ట్రాల హద్దులు చెరిపి కొత్తగా గీస్తున్న ఏళ్లవి. మా ఊరి పేరు ఇంకా మారలేదు, చాందానే. అప్పటిదాకా వేరే రాష్ట్రం కింద ఉన్న నది అవతలి ఊళ్లు ఎటు పోతాయో హోటళ్లలో చాయ్ చల్లారేదాకా వాదించుకునేవారు. పిల్లలమైన మాకు అది పెద్దల కాలక్షేపంగానే తోచేది, కాలేజీల పోటీలో మా జట్టు ఫైనల్‌కు వచ్చిన రోజుదాకా.

ఆట మా మైదానంలోనే. ఎదుటి జట్టు నాగపూరు నుంచి వచ్చింది. ఊరంతా మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడింది. ఈల వేయబోయే ముందు పోటీ నడిపేవాళ్లు పెద్దనాన్నను పిలిచారు. నది అవతలివాళ్లు ఏ రాష్ట్రం కిందికి వస్తారో ఇంకా తేలలేదట. అందుకని ఆ ముగ్గురూ ఆడకూడదట. సెమీఫైనల్ దాకా వీళ్లే కదా ఆడింది అని పెద్దనాన్న అడిగాడు. వాళ్లు జాబితాలో ఆ మూడు పేర్లూ కొట్టేశారు. ఆ ముగ్గురు జెర్సీలు విప్పి చేతుల్లో పట్టుకుని తాడు అవతల కూర్చున్నారు.

కాలేజీ కమిటీలో పెద్దమనిషి ఒకాయన, బజారులో బట్టల దుకాణం ఉన్న మా తెలుగు సేటు, గబగబా వచ్చాడు.

"మాస్టరూ, బయట ముగ్గురున్నరు గద, దింపు. నీ కొడుకు గూడ ఉండె. ఇంకేంది ఆలోచన?"

"ఆళ్లు ఆళ్ల జాగాల దిగుతరు సేట్. ఇంకొగల జాగాల దిగరు."

"కప్పు పోతది. రేపు నీ నౌకరీ మీద కమిటీ కూసుంటది, యాది పెట్టుకో."

"కూసోనియ్యుండ్రి. నిలవడెటోళ్లు నా కాడ మస్తుగున్నరు."

కుడి బ్యాకుకు గోల్‌కీపరు చొక్కా తొడిగి, ఎనిమిది మందిని మైదానంలోకి పంపాడు. జనం నవ్వారు. "ఏంరా, తక్కినోళ్లను పడవల్నే మరిచిపోయొచ్చిన్రా?" అని ఎవడో అరిచాడు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇరవై మంది పిల్లలను వానలో, బురదలో తట్టుకున్న కాళ్లకు పొడినేల మీద పదకొండు మంది లెక్కలోకి రాలేదు. ఎడమ పక్క ఖాళీలోకి బంతి పోగానే ఇద్దరు అటు జరిగేవారు, వాళ్లు వదిలిన చోటును ఇంకొకడు కాసేవాడు. మొదటి సగం ముగిసేసరికి ఎవరికీ గోలు రాలేదు.

నాకు మాత్రం అన్నను చూస్తే ఏడుపొచ్చింది. తాడు కింద నుంచి దూరి పెద్దనాన్న దగ్గరికి పోయి, అన్నను ఎందుకు దింపవని గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. మైదానం వైపు చెయ్యి చూపించాడు.

"గాడ ఖాళీ కనవడుతుందా నీకు?"

"కనవడుతుంది."

"అందరికీ కనవడాలె. మీ అన్నను పెడితే నిండిపోతది. ఇగ ఆ ముగ్గురు ఏడబోయిన్రని ఎవడడుగుతడు?"

అన్న ఆ మాట విన్నాడు. బూట్ల లేసులు విప్పుకున్నాడు. పోయి, తాడు అవతల ఆ ముగ్గురి పక్కన కూర్చున్నాడు. తక్కిన ఇద్దరు అదనపు ఆటగాళ్లూ అతని వెనకే వెళ్లారు.

రెండో సగంలో కాళ్లు అలిసిపోయాయి. చివరలో మా మీద రెండు గోల్స్ పడ్డాయి. కప్పు నాగపూరు రైలెక్కింది. నవ్వినవాళ్లలో ఎవరూ మళ్లీ నవ్వలేదు. గెలిస్తే వేద్దామని తెచ్చిన పూలదండ సేటు చేతిలో అలాగే ఉండిపోయింది.

గెలిచినవాళ్లను ఫొటో తీసి సామాను సర్దుకుంటున్న ఫొటోగ్రాఫరును పెద్దనాన్న ఆపాడు. మా జట్టుకూ ఒకటి తీయమన్నాడు. "ఓడినోళ్లకు ఫొటో ఏంది మాస్టరూ?" అన్నాడు ఆయన. "ఇయ్యాల ఎవలాడిన్రో అందరు చూసిన్రు. ఎవల్ని ఆడనియ్యలేదో ఫొటోల ఉండాలె" అన్నాడు పెద్దనాన్న. తాడు అవతల ఉన్న ముగ్గురిని పిలిచి జెర్సీలు తొడుక్కోమన్నాడు.

కమిటీ అన్నంత పనీ చేసింది, ఆయనను తీసేసింది. కొత్త మాస్టరు వచ్చాడు కానీ, ఆయన ఈల వేస్తే మైదానంలోకి దిగినవాడు ఒక్కడూ లేడు. మరుసటి వానాకాలానికి సేటే మా ఇంటికి వచ్చి పెద్దనాన్నను పిలుచుకుపోయాడు. ఆ తర్వాత నది అవతలి ఊళ్లను మా జిల్లాలోనే కలిపారు. ఆ ముగ్గురు కుర్రాళ్లు ఉన్నచోటు నుంచి అంగుళం కదలలేదు, గీతే కదిలింది. పోటీ నడిపేవాళ్లలో వాళ్లను ఆపిన పెద్దమనుషులే ఆ ఏడు మళ్లీ ఆడుతున్న వాళ్లకు చప్పట్లు కొట్టారు. పెద్దనాన్న ఆ కాలేజీలోనే రిటైరయ్యాడు. అప్పటికి ప్రిన్సిపాల్ గదిలో అల్మారా చాలక, కప్పులను కిటికీ గూట్లో కూడా పెట్టేవారు. వాటిలో ఒక్కటీ ఆయన ఇంటికి తెచ్చుకోలేదు. తెచ్చుకున్నది ఆ ఓడిన రోజు ఫొటో ఒక్కటే.

నేను చదువుకుని గనుల్లో సర్వేయరునయ్యాను. నా కింద పనిచేసేవాడిని పైవాళ్లు అన్యాయంగా ఆపినప్పుడు, వాడి పనికి ఇంకొకడి పేరు రాయలేదు. ఆ పని ఆగితే ఆగనిచ్చాను, అడిగినవాళ్లకు ఎందుకు ఆగిందో చెప్పాను. దానికి మెమోలు వచ్చాయి. వచ్చిన ప్రతిదానికీ అదే జవాబు రాశాను.

ఫొటో ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అందులో మా అన్న లేడు. రమ్మని పెద్దనాన్న పిలిచినా రాలేదు, కెమెరా వెనక నిలబడి ఫొటోగ్రాఫరు తల మీద కప్పుకునే నల్లగుడ్డ పట్టుకున్నాడు. నిలబడినవాళ్లు ఆరుగురు, కూర్చున్నవాళ్లు ఐదుగురు. మొత్తం పదకొండు మంది.