ఆడపిల్లకు లేని వంతు

రంగూన్‌లోని తామ్వే పేటలో మా తాత కట్టించిన సత్రం తలుపు తీయగానే తడిసిన సున్నం వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు మా బ్యాంకు మేనేజరు ఊ సేన్ ట్వే గుర్తొచ్చారు. ఎప్పుడో చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఆయనది. నాకు ఉద్యోగం నేర్పింది ఆయనే.

మధ్యాహ్నం టీ తాగుతూ పాతకాలపు చైనా షావుకార్ల కబుర్లు చెప్పేవారు. మింగ్, చింగ్ రాజుల నాడు వాళ్ళు కొట్లూ పొలాలూ చనిపోయిన తాత పేరనే ఉంచేవారట. అద్దెలు తాత పూజకూ, పిల్లల చదువుకూ. మిగిలింది వడ్డీకి తిప్పేవారు. కొడుకుల కుటుంబాలు ఏడాదికొకటి వంతున చూసుకోవాలి, అమ్మే హక్కు ఎవరికీ లేదు. "మాకు ట్రస్టంటే తెలీదంటారు. ఈ బ్యాంకులు పుట్టకముందే మా తాతలు నడిపారు!" అని బల్ల గుద్దేవారు. నాకు నవ్వొచ్చేది. తాతల గొప్పలు చెప్పుకోవడంలో మనవాళ్ళు మాత్రం ఎవరికి తీసిపోతారు?

ఒకసారి అలాంటి తమ వంశపు ఇంటికి నన్ను తీసుకెళ్ళారు. పైకప్పు సగం కూలిపోయింది. లోపల ఇదే వాసన. మగవాళ్ళంతా సింగపూరు వెళ్ళిపోగా, ఊళ్ళో మిగిలిన పిల్ల ఆయన కూతురొక్కతే. "వంతు తను తీసుకుంటానని అడిగింది. ఆడపిల్లకు వంతు లేదని పెద్దల ముందు చెప్పినవాణ్ణి నేనే," అన్నారు. "దొంగల కోసం వేసిన తాళం, లక్ష్మీ. సొంత బిడ్డకు కూడా తెరుచుకోలేదు." మళ్ళీ ఆయనే, "మీ ఇంట్లో నువ్వు అడుగు. ఇవ్వకపోయినా అడుగు," అన్నారు. నాకు ఆయన మొహంలోకి చూడాలంటే బాధేసింది. ఆ ఏడే పోయారు.

మా సత్రానిదీ అదే రాత. రేవులో కూలికొచ్చే మన తెలుగువాళ్ళు తలదాచుకునేందుకు తాత కట్టించి, కొడుకులూ మనవలూ వంతులవారీగా చూసుకోవాలన్నాడు. ఇప్పుడు వంతు అన్నయ్యది. నిన్న నా ముందే కొనేవాళ్ళకు గదులు చూపించాడు.

"ఎవులొస్తారని దీన్ని పట్టుకు ఏలాడతావే? అమ్మీసి సేతులు కడుక్కుందుం," అన్నాడు.

అయినా అడిగాను. "నాకొక వంతియ్యన్నయ్యా. ఒక్క ఏడు నాను సూసుకుంటాను."

అన్నయ్యకు కోపం రాలేదు. అదొస్తే బాగుండేది. నా తలమీద చెయ్యేసి, "నీకేటి వంతే, పిచ్చిదానా," అన్నాడు. కొనేవాళ్ళు కూడా నవ్వారు.

సోమవారం సంతకాలట. నన్ను రావద్దన్నారు. వెళ్తాను. అన్నయ్య పెన్ను తీసేముందు, అందరూ వినేలా మళ్ళీ అడుగుతాను.